వాచిన డాక్టరు

జూన్ 3, సోమవారం

మా కోచింగ్ సెంటర్లో ఇంగ్లీషు మోడిఫయర్ల క్లాసంటే పిల్లలకు నిద్ర. నాకూ నిద్రే. పదకొండేళ్లుగా అదే పాఠం. పరీక్షలో తప్పు వాక్యాలు సరిదిద్దే ప్రశ్నలు ఇరవై ఐదు, అందులో నాలుగైదు వీటి మీదే వస్తాయి. వాక్యం మొదట తగిలించిన ముక్క కామా తర్వాత వచ్చే మనిషికి అతకాలి, అతక్కపోతే గాల్లో వేలాడుతుంది. ఇంతే సంగతి. దీనికి మూడు గంటలు.

ఇవాళ పుస్తకం పక్కన పెట్టి, అక్క పంపిన వాక్యం బోర్డు మీద రాశాను. క్యారీయింగ్ వెట్ షీట్స్, ద స్టెయిర్స్ ఆర్ మెనీ. తడి దుప్పట్లు మోస్తున్నది ఎవరయ్యా? మెట్లు! మెట్లు దుప్పట్లు నెత్తిన పెట్టుకుంటే ఎలా ఉంటుందో నడిచి మరీ చూపించాను. అరవై మందీ పగలబడి నవ్వారు. ఇదెవరు రాశారు సార్ అని అడిగారు. ఎవరో ఒకావిడలే అన్నాను.

ఎవరో ఒకావిడ!

జూన్ 5, బుధవారం

అక్క నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. ఆసుపత్రి లాండ్రీలో పంతొమ్మిదేళ్లుగా చేస్తోంది. అక్కడి రికార్డుల గదిలో గుమాస్తా పోస్టుకు ఈ నెలాఖరున పరీక్ష. వయసు లెక్కన ఇదే ఆఖరు అవకాశం. మిగతా పేపర్లకు బెంగ లేదు, ఇంగ్లీషంటేనే భయం. అందుకని రోజుకో వాక్యం సొంతంగా రాసి, తప్పు చెప్పరా తమ్ముడూ అని ఫోనుకు పంపుతుంది.

నేను రాంగ్ అని కొడతాను. తీరిక ఉంటే రాంగ్, ట్రై అగైన్ అని కొడతాను.

లాండ్రీలో అందరికీ మా తమ్ముడు ఇంగ్లీషు మాస్టారని చెప్పుకుంటుందట. ఈ మాట బావ చెప్పాడు.

జూన్ 11, మంగళవారం

డైరెక్టర్ గారు పిలిచి భుజం తట్టారు. నా క్లాసులో ఖాళీ బెంచీ కనబడటం లేదట. ఇలాంటి తప్పు వాక్యాలు ఇంకో పది పట్టుకురావయ్యా, వీడియో తీసి నెట్లో పెడదాం అన్నారు. పట్టుకురావడమెందుకు, ఫోన్లో కూర్చునే ఉన్నాయి.

ఇవాళ్టి వాక్యం అన్నిటినీ మించింది. బీయింగ్ స్వోలెన్, ద డాక్టర్ టైడ్ మై నీ. వాచింది మోకాలు కాదు, డాక్టరు! బోర్డు నిండా గుమ్మడికాయంత డాక్టరును గీశాను. చొక్కా గుండీలు తెగి ఎగురుతున్నట్టు గీశాను. వెనక బెంచీలో ఒకమ్మాయి నవ్వలేక కళ్లు తుడుచుకుంది. కెమెరా అబ్బాయి కూడా నవ్వాపుకోలేక కెమెరా కదిపేశాడు.

బోర్డు మీద మై తీసేసి హర్ అని రాశాను. ఎవరిదో తెలియకుండా ఉంటుందని.

జూన్ 12, బుధవారం

వాచిన డాక్టరు అని పేరు పెట్టి వదిలారు. సాయంత్రానికి పదివేల మంది చూశారు.

జూన్ 19, బుధవారం

ఆరు రోజులుగా అక్క నుంచి వాక్యం లేదు. డ్యూటీ మారి ఉంటుందనుకున్నాను. నిజం రాయాలంటే, క్లాసుకి కొత్త సరుకు లేదే అని చిరాకు పడ్డాను. అక్కకేమయిందో అని మాత్రం అనుకోలేదు. ఈ మాట రాయడానికే సిగ్గుగా ఉంది, కానీ రాయకపోతే ఇంకా సిగ్గు.

జూన్ 20, గురువారం

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. బావ లిఫ్టులు బాగు చేసే పని చేస్తాడు, ఊరికే మాట్లాడే మనిషి కాదు. పోయిన వారం టీ వేళలో లాండ్రీలో ఎవరో వీడియో పెట్టారట. నీ తమ్ముడే కదా అని అందరూ అక్క చుట్టూ మూగారట. అందరూ కడుపుబ్బ నవ్వారట. అక్క కూడా నవ్విందట. ఆ వాక్యం తనదని ఎవరితోనూ అనలేదట. ఇంటికొచ్చి పుస్తకాలు కట్టకట్టి బీరువా పైన పెట్టేసిందట. పరీక్ష వద్దులే, మనకెందుకు ఇవన్నీ అంటోందట.

అప్పుడు బావ, మోకాలి సంగతి నీకు తెలుసు కదా అన్నాడు. తెలియదన్నాను. అదేంటి, మెట్ల మీద జారిపడ్డానని నీకు రాశానంది కదా అన్నాడు.

ఫోను తీసి వెనక్కి వెళ్లి అన్నీ చదివాను. నలభై ఒక్క వాక్యాలు. లాండ్రీ మెట్లు ఎక్కువ. లిఫ్టు పాడయింది. కొత్త సూపర్‌వైజరు కసురుకుంటాడు. కింద పడ్డాను. మోకాలు వాచింది. కుర్చీలో కూర్చుని చేసే పని అయితే బాగుంటుంది. అన్నీ రాసింది. అన్నిటి కిందా నా రాంగ్ ఉంది. చదవలేదని బుకాయించడానికి కూడా లేదు. మైని హర్ చేసిన వాణ్ని, చదవకుండా ఎలా చేశాను?

జూన్ 23, ఆదివారం

మూడు రోజులు ముఖం చెల్లక ఆగి, ఇవాళ వెళ్లాను. అక్క కాలు స్టూలు మీద చాపుకుని బట్టలు మడతపెడుతోంది. మోకాలికి మందపాటి కట్టు. తిన్నావా అని అడిగింది. తప్పయిపోయిందక్కా అన్నాను.

అక్క చేతిలో ఉన్న దుప్పటి మడత పూర్తిచేసింది. నవ్వితే నవ్వారులేరా, అది కాదు అంది. నీ వీడియో నాలుగుసార్లు చూశాను, మోడిఫయరంటే ఏంటో దాంట్లోనే అర్థమైంది అంది. నాకేమో రాంగ్ అని ఒక్క ముక్క పడేస్తావు, ఊరూపేరూ తెలియని వాళ్లకేమో బొమ్మ గీసి మరీ చెప్తావా అంది.

నా నలభై ఏళ్లలో ఇంత మెత్తగా ఎవరూ కొట్టలేదు. బీరువా పైనున్న కట్ట దించనా అని అడిగాను. నీ ఇష్టం అంది. దించాను.

జూన్ 24, సోమవారం

డైరెక్టర్ గారితో వీడియో తీసేయమన్నాను. ఇప్పుడు తీసేస్తే ఎలాగయ్యా అన్నారు. తీసేదాకా క్లాసుకి వెళ్లనన్నాను. సణుక్కుంటూ తీయించారు.

తర్వాత క్లాసులో చెప్పేశాను. ఆ మోకాలు మా అక్కది, మెట్ల మీద పడింది మా అక్కే అన్నాను. గొల్లున నవ్వారు. నిజమేనయ్యా అన్నాను. ఇంకా నవ్వారు. ముందు బెంచీవాడు, సార్ మీరు మొహం భలే పెడతారు సార్ అన్నాడు. వాళ్లను అనడానికేముంది, అలా అలవాటు చేసింది నేనే. బోర్డు తుడిచేసి, క్లాసు అయిపోయిందని చెప్పి వచ్చేశాను.

జూన్ 26, బుధవారం

సెలవు పెట్టి అక్క దగ్గర నాలుగు గంటలు కూర్చున్నాను. బొమ్మలు గీశాను. అక్క ఒక్కదానికీ నవ్వలేదు, అన్నీ నోట్సులో దింపుకుంది.

జూన్ 30, ఆదివారం

పరీక్ష రెండో అంతస్తులో. లిఫ్టు లేదు. బావ అటువైపు, నేను ఇటువైపు. ఒక్కో మెట్టుకీ అక్క ఆగుతుంది, పళ్లు బిగిస్తుంది, మళ్లీ ఎక్కుతుంది. నలభై నాలుగు మెట్లు. మెట్లు ఎక్కువని అక్క నాకు ముందే రాసింది.

గుమ్మం దగ్గర నా చెయ్యి వదిలించుకుని, ఇక నువ్వు వెళ్లరా, నాకు వచ్చులే అంది.

ఆగస్టు 30, శుక్రవారం

అక్క రికార్డుల గదిలో చేరి వారం. ఇవాళ మళ్లీ వాక్యం పంపింది. పొద్దుటి నుంచి కుర్చీలో కూర్చునీ కూర్చునీ నడుము పట్టేసిందని. ఆ వాక్యం మాత్రం ఇక్కడ దింపను.

ఫోన్ చేసి నడుము ఎలా ఉందని అడిగాను. ముందు తప్పెక్కడో చెప్పరా అంది. ముందు నడుమే అన్నాను.

క్లాసుకి పావుగంట ఆలస్యంగా వెళ్లాను.