ఎత్తుకొచ్చిన ఇల్లు

కార్వేటినగరం,
జూన్ 1998.

నాయుడుపేటలో ఉన్న అన్నకు,

ఎస్టీడీ బూతు పెట్టుకున్న చెల్లెలు ఫోను చేయకుండా ఉత్తరమెందుకు రాసిందని అనుకుంటావేమో. ఫోను బూతులో ఉంది, నేను ఇంట్లో ఉన్నాను.

పాత ఇంటి వాకిలి వీధికి సమంగా ఉండేది. పొద్దున్నే మూడు చక్రాల బండిలో బస్టాండుకు పోయి నేనే బూతు తెరిచేదాన్ని. నువ్వు కట్టించిన కొత్తింటికి ఐదు మెట్లు. బండి మెట్ల కింద ఎండకు ఎండుతోంది. బూతులో వదిన తమ్ముడు కూర్చుంటున్నాడు.

మెట్ల పక్కన వాలుగా సిమెంటు బాట పోయమని మేస్త్రీ ఓబయ్యను అడిగాను.

"ఒక పూట పనేమ్మా. తూర్పు వాకిట్లో అట్లాంటిది కూడదని సిద్ధాంతి చెప్పినాడంట. మీ అన్న వద్దన్నాడు," అన్నాడు.

అమ్మేమో, "నీ రాత అట్ల ఉండాది, ఓర్చుకో," అంటుంది. నువ్వేమో తిరుపతిలో పెద్ద డాక్టరుకు చూపిస్తానంటావు. పోలియో వచ్చినప్పటి నుంచీ నా కాళ్ళు ఇట్లాగే ఉన్నాయన్నా. ఈ కాళ్ళతోనే ఇన్నేళ్ళూ బూతు నడిపాను.

గృహప్రవేశం నాడు నన్ను చేతుల మీద ఎత్తుకొని లోపలికి తెచ్చావు. చెల్లెలంటే ఎంత ప్రేమని బంధువులంతా కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. ఆ రోజు నుంచి వీధిలోకి దిగలేదు.

బాట పోయించకపోతే పోనీ. ఎత్తుకొచ్చినవాడివి, దించడానికి ఎప్పుడొస్తావో రాయి.

నీ చెల్లెలు