నేను అట్లనే పుట్టిన

బుధవారం, రాత్రి

ఈరోజు జువాలజీ క్లాసులో మేడమ్ టెస్ట్‌ట్యూబ్ బేబీల పాఠం చెప్పారు. వెనక బెంచీలో రవళి నవ్వుతూ, "గట్ల పుట్టినోళ్లు మన లెక్కనే ఉంటరా మేడమ్?" అని అడిగింది.

నేను లేచి నిలబడ్డాను. "నన్ను చూడు. నేను గట్లనే పుట్టిన."

అప్పుడు భయమనిపించలేదు. ఇంటికొచ్చాకే గుబులు పట్టుకుంది. అమ్మానాన్నలు ఈ సంగతి నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు, నానమ్మకు కూడా. వంటింట్లోకి వెళ్లి జరిగిందంతా చెప్పేశాను. అమ్మ స్టవ్ ఆపేసింది.

"మంది ఏమంటరోనని ఇన్నేండ్లు దాచిన బిడ్డా. నీకు సిగ్గనిపియ్యలేదా?"

"ఎందుకమ్మా? నన్ను గంత కావాలనుకొని కన్నవు గదా."

అమ్మ కళ్లు తుడుచుకుని నానమ్మకు ఫోన్ చేసింది. "అత్తమ్మా, మీకొక ముచ్చట చెప్పాలె" అంటూ అంతా చెప్పింది. నానమ్మ, "రేపొస్త" అని మాత్రం అని ఫోన్ పెట్టేసిందట.

నానమ్మ డోర్నకల్ నుంచి పొద్దున రైలుకే వస్తుందేమో. ఏమంటుందో తెలియదు. తలుపు మాత్రం నేనే తీస్తాను.