అవ్వ వండిన నల్ల

స్టేషన్ ఘన్‌పూర్, గురువారం రాత్రి. సమ్మె ఇంకా నడుస్తోంది, బస్సుల్లేవు.

బాపు రక్తపరీక్షల రిపోర్టు కోసం పొద్దున బండి మీద వరంగల్ పోయాను. బాపుకు అన్నవాహికలో కేన్సర్. మనిషి ఆపరేషన్‌ను తట్టుకుంటాడా లేదా అన్నది గడ్డ సైజే కాదు, రక్తం కూడా చెబుతుందట. రక్తంలో ఉండాల్సిన అల్బుమిన్ అనే ప్రోటీన్ బాగా పడిపోయింది. "ఇలాంటి రక్తం ఉన్నవాళ్లు ఆపరేషన్ చేసినా కోలుకోవడం కష్టం," అన్నాడు డాక్టర్, నా ముఖం చూడకుండా.

ఇంటికొచ్చాక అవ్వ, అదే మా అమ్మ, అడిగితే, "నెత్తురు మంచిగ లేదంటనే," అన్నాను. డాక్టర్ అన్న మాట చెప్పలేదు. నెత్తురు తక్కువైందని ఆమె అనుకుంది.

"గంతేనా కొడుకా! ఊకెనే పరేషాన్ అయితిమి."

వాడకట్టులో ఎవరో యాటపోతును కోశారని తెలిసి, పోయి దాని నెత్తురు పట్టుకొచ్చి నల్ల వండింది. నెత్తురు తక్కువైతే మా దగ్గర అదే మందు.

మంచినీళ్లే దిగని గొంతు. బాపు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు. అవ్వ లోపలికి పోగానే తువ్వాలలో ఉమ్మి, "తిన్నడని చెప్పు బిడ్డా," అన్నాడు.

చెప్పాను. అవ్వ ముఖం వెలిగింది.

"ఇగ రోజు వండుత. మల్ల ఎప్పుడు పరీక్ష జేస్తరు? నెత్తురు ఎంత పెరిగిందో సూడాలె."

"బస్సులు నడిస్తె పోదాం," అన్నాను.

తెలంగాణ వచ్చేదాకా బస్సు కదలొద్దని రోజూ టెంటు కింద అరుస్తున్నవాణ్ణి. ఇవాళ కూడా అదే కోరుకుంటున్నాను. కానీ తెలంగాణ కోసం కాదు.