హాగ్‌బెక్ గుట్ట మీది ఉచ్చు

హాగ్‌బెక్,
జూన్ 9.

నాన్నా,

నీకు నమస్కారాలు. ఇక్కడ నేను, నీ అల్లుడు డంకన్, గొర్రెలు అందరం బాగానే ఉన్నాం. నీ మోకాలు కుదుటపడిందనీ, విట్బీలో అత్త నిన్ను రోజూ సముద్రం ఒడ్డున నడిపిస్తోందనీ తలుస్తాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. కుంటుతున్న ముసలి గొర్రె కాలు నయమైంది. పై చేను గోడ కూలిన చోట డంకన్ రాళ్ళు మళ్ళీ పేర్చాడు. నువ్వు చూస్తే వంక పెడతావు గానీ నిలబడింది. అత్త వండే చేపలో ఉప్పు లేదని రాశావు. డాక్టరు చెప్పాడు గనకే లేదు, గొణగకుండా తిను. తమ్ముడు క్రెయిగ్ ఎందుకు ఫోన్ చేయడం లేదన్నావు. ఆ సంగతికి వస్తాను.

పిల్లిగద్దలు వచ్చాయా అన్నావు. వచ్చాయి. మన గోడ దాటాక, ఎస్టేట్ వాళ్ళ పొదల్లో నేలమీద గూడు పెట్టాయి. బూడిదరంగు మగది వేట పట్టుకొచ్చి గాల్లోనే జారవిడిస్తే, ఆడది వెల్లకిలా తిరిగి కాళ్ళతో అందుకునేది. డంకన్ టీ చల్లారిపోతున్నా నిలబడి చూసేవాడు.

మే చివర్లో గొర్రెల్ని పైకి తోలుకెళ్తే, గూటికి దగ్గర్లో ఒక కొయ్యస్తంభం మీద ఏదో కొట్టుకుంటూ కనిపించింది. ఆడది. మీ తాత కాలంలోనే నిషేధించిన ఇనుప ఉచ్చులో రెండు కాళ్ళూ నలిగి, తలకిందులుగా వేలాడుతోంది. కోటు విప్పి చుట్టాను. నా చెయ్యి చీరేసింది. చీరనీ అనుకున్నాను. పశువుల డాక్టరు చూసి తల అడ్డంగా ఊపి, సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చింది. మగది సాయంత్రం దాకా వేట పట్టుకుని గూటి చుట్టూ అరుస్తూ తిరిగింది. అందుకునేవాళ్ళు లేరు. రెక్కల కింద దాచుకునే తల్లి లేక గూట్లో పిల్లలు వానకు తడిసి చచ్చిపోయాయి.

ఆ వారమే ఊరి హాల్లో సభ. 'మన పల్లెసీమను కాపాడుకుందాం' అని గుడ్డ కట్టారు. వేదిక మీద ఎస్టేట్ దొర పెంబ్రిడ్జ్, పక్కన కొత్త బూట్లేసుకున్న మన పార్లమెంటు సభ్యుడు.

"ఈ గుట్టల్ని కాపాడేది పట్నంలో కూర్చుని వేట ఆపాలని సంతకాలు సేకరించేవాళ్ళు కాదు, మేం," అన్నాడు దొర. "గ్రౌస్ పిట్టల వేటే లేకపోతే ఇక్కడ ఏ పిట్టా మిగలదు."

చప్పట్లు. నేను లేచాను. "మరి పిల్లిగద్దని చంపిందెవరండీ?"

"చాలా బాధాకరం, గిలియన్. ఎవరో ఆకతాయిలు."

"ఆకతాయిలు తాళమేసిన మీ గేటు దాటి, ఉచ్చు మోసుకుంటూ గుట్టెక్కారా?"

"అమ్మా, ఇక్కడ రాజకీయాలొద్దు," అన్నాడు పార్లమెంటు సభ్యుడు.

"రాజకీయం చేసుకు బతికేది మీరు. నేను గొర్రెలు మేపుకునేదాన్ని."

వెనక నుంచి పోస్టాఫీసు మావిస్ "అబ్బో!" అంది. దొర నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు మండుతోంది.

ఇన్ని కబుర్లూ చెప్పి అసలుది దాచాను. సభలో ఆ ప్రశ్న అడిగేటప్పటికే చంపిందెవరో నాకు తెలుసు. ఉచ్చును స్తంభానికి కట్టిన తీగ ముడి చూడగానే తెలిసిపోయింది. రెండు మెలికలు తిప్పి కొసను లోపలికి తోసే ముడి. నాకూ, క్రెయిగ్‌కీ నువ్వే నేర్పావు.

సభ నుంచి నేరుగా క్రెయిగ్ ఇంటికి, కాపలా పనితో పాటు ఎస్టేట్ వాళ్ళిచ్చిన ఆ ఇంటికి, వెళ్ళాను.

"నువ్వేనా?"

"లోపలికి రా అక్కా, అందరూ వింటారు."

"విననీ. నువ్వేనా?"

"అది గ్రౌస్ పిల్లల్ని తింటోంది. పిట్టలు తగ్గితే డబ్బు కట్టే వేటగాళ్ళు రారు. నేను చెయ్యకపోతే దొర ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు. ఈ ఇల్లు ఎవరిదనుకున్నావ్?"

"ఏమని చెప్పాడు?"

"ఏం చెప్తాడు? 'వేట సీజన్ నాటికి ఆ బెడద ఉండకూడదు క్రెయిగ్' అన్నాడు. అంతకంటే నోరు విప్పరు వాళ్ళు."

మర్నాడు పోలీసులకు వాడి పేరు ఇచ్చాను. నా తమ్ముడి పేరు, నా నోటితో. తప్పు చేశానని అనుకోవడం లేదు.

ఎస్టేట్ వాళ్ళు వాణ్ని వెంటనే పనిలోంచి తీసేసి, ఇల్లు ఖాళీ చేయమన్నారు. 'ఒక ఉద్యోగి సొంతంగా చేసిన దుర్మార్గం, దిగ్భ్రాంతి చెందాం' అని పత్రికలో వేయించుకున్నారు. ఇంత జరిగినా క్రెయిగ్ దొర పేరెత్తలేదు. నోరు మూసుకుంటే మరోచోట పని చూపిస్తామని ఎవరో చెవిలో వేశారట.

నాన్నా, ఆ బెడద మాట నువ్వూ విన్నావు, ఈ దొర తండ్రి నోట. ఆ ఎస్టేట్‌లో కాపలా కాసిన పాతికేళ్ళూ ఆయన కనబడితే చాలు టోపీ తీసి నిలబడ్డావు. కొన్ని సాయంత్రాలు గుట్ట దిగొచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముట్టకుండా కూర్చునేవాడివి. ఎందుకని అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

క్రెయిగ్ శనివారం బస్సుకు నీ దగ్గరికి వస్తున్నాడు. లోపలికి రానివ్వు, తిండి పెట్టు, నన్ను తిడితే తిట్టనివ్వు. ఆ తర్వాత నీ చేత ఏమేం చేయించారో వాడికి చెప్పు. నువ్వు నోరు విప్పితేనే వాడూ విప్పుతాడు. ఇద్దరూ కలిసి పోలీసుల దగ్గరికి వెళ్ళండి. వాడికి శిక్ష పడుతుంది, పడనీ. నీ పేరు పాడవుతుంది, పాడవనీ. ఆ దొరల ఇంటి మనిషి ఒక్కసారైనా కోర్టులో మన ముందు టోపీ తీసి నిలబడాలి.

ఇట్లు,
నీ మీద కోపం చల్లారని,
నీ మీద ప్రేమ తగ్గని
నీ కూతురు గిలియన్