గోడ పగలగొట్టిన కేసు

చెల్లాయ్, కేసు కొట్టేశారే! మన అమ్మాయి గెలిచింది!

సిగ్గేసి నీకెప్పుడూ పూర్తిగా రాయలేదు. ఫైర్‌స్టేషన్‌లో పనిచేసే నా కూతురు, మంటల్లో చిక్కుకున్న తల్లీబిడ్డల కోసం పక్క దుకాణం గోడ పగలగొట్టింది. వాళ్ళు బతికారు. ఆ దుకాణం దర్జీ కోర్టుకెక్కాడు. పిల్ల ఉద్యోగం పోతుందేమోనని రెండేళ్ళుగా నాకు ముద్ద దిగలేదు.

ఇవాళ జడ్జిగారు, "ప్రాణం కాపాడ్డానికి తలుపైనా గోడైనా పగలగొట్టే అధికారం వీళ్ళకి చట్టమే ఇచ్చింది. మంచి ఉద్దేశంతో చేసిన పనికి ఈమె మీద దావా చెల్లదు" అన్నారు. నేను లేచి చప్పట్లు కొట్టేశాను. బంట్రోతు "తాతా, ఇది నాటకం కాదు, కూర్చో!" అని కసిరాడు.

అమ్మాయి అటునుంచటే డ్యూటీకి పోయింది. ఇంటికొచ్చి మిఠాయి పొట్లం విప్పితే, పెట్టడానికి మనిషి లేడు. కేసు పడ్డాక మా గడప తొక్కిందెవరు? కరెంటు మీటరు చూడ్డానికొచ్చినాయన చేతిలో రెండు పెట్టాను. "ఏంటి విశేషం?" అనడిగాడు. అరగంట కూర్చోబెట్టి చెప్పాను, పాపం.

పిన్నికి చెప్పు. తమ్ముడికీ మరదలికీ చెప్పు. మేనత్త కొడుకులిద్దరికీ చెప్పు. కోర్టు మెట్లెక్కినవాళ్ళ ఇంటికి రానన్న పెద్దబావకి అందరికంటే ముందు చెప్పు. ఇక రావచ్చని కూడా చెప్పు.