రహమతున్నీసా అందుకున్న మాట

నల్లపాడు,
18 మార్చి 2001.

చిరంజీవి మార్కుకు నాన్న దీవించి రాయునది. ప్రభువు దయవల్ల మీ అమ్మ, చెల్లి మహిమ, నేను ఇక్కడ కులాసా. కులాసా అన్న ఈ ఒక్క మాట రాయడానికి ఈసారి నాకు చాలా ధైర్యం కావలసి వచ్చింది. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది. ఝాన్సీలో నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. రైల్వే క్యాంటీన్ రొట్టెలతో సరిపెట్టుకోవద్దని మీ అమ్మ రాయమంటోంది.

నీ ఉత్తరంలో మహిమ చదువెలా ఉందన్నావు, మా నాటకాలెలా జరిగాయన్నావు, ఆదివారం ఫోనుకు నేనెందుకు రావడం లేదన్నావు. చివరిదానికి కాస్త ఓపిక పట్టు.

మహిమ ఇంటరు పరీక్షలు రాస్తోంది. లెక్కల పేపరు బాగా రాశానని చెప్పి, అన్నం కూడా తినకుండా పడి నిద్రపోయింది. మీ అమ్మ లేపి కలిపి పెట్టింది. మిర్చియార్డులో ఊపిరి సలపనంత సీజను. కాటా దగ్గర నా బదులు వేరే గుమస్తా ఉన్నాడు. నేను సెలవు పెట్టాను.

ఇక నాటకాలు. మా నల్లరేగడి కళాసమితి ఈ ఏడు మూడు కొత్త నాటకాలు కట్టింది. పరిషత్తు పోటీలకు పోకుండా నేరుగా ఊళ్లలోనే ఆడాలని జయరావు పట్టుబట్టాడు. రాసేదీ ఆడించేదీ ఆయనే కాబట్టి ఆయన మాటే చెల్లింది. పెదకాకానిలో బడి ఆవరణలో మొదలుపెట్టాం. జనం బాగా వచ్చారు. పిల్లలైతే స్టేజీ మీదకే ఎక్కి కూర్చున్నారు.

వాటిలో పెద్దది పత్తి రైతు కథ. నకిలీ విత్తనాలకు చేను పోయి, పక్కింటి రైతు పురుగుమందు తాగి చనిపోతాడు. నాది ముసలి రైతు వేషం. నేనూ అదే పని చేస్తానేమోనని ఊరంతా నా గుమ్మం ముందు చేరుతుంది. చివర్లో నేను లేచి నిలబడి, ఎందుకు బతకదలుచుకున్నానో చెప్పాలి. నాటకం మొత్తానికి ఆ మాటలే ప్రాణం. నా భార్య వేషం రహమతున్నీసాది. చీరాలలో మిషను కుడుతుందే, నువ్వు చిన్నప్పుడు చూశావు.

ఆ మధ్య పర్చూరు దగ్గర ఒక ఊళ్లో ఆడుతున్నాం. ఆ ఊళ్లో నిజంగానే అలా పోయినవాళ్లున్నారు. జనం కిక్కురుమనకుండా చూస్తున్నారు. నా ఘట్టం వచ్చింది. లేచి నిలబడి నోరు తెరిచాను. మాట రాలేదు రా. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. ఏమీ లేదు. తెర పక్కనుంచి జయరావు నా మాటలే అందిస్తున్నాడు, నేను మరిచిపోయాననుకుని.

రహమతున్నీసా నా ముఖం చూసింది. చూసి, నా భుజం పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. జనం వైపు తిరిగింది.

"అందరూ ఆయన్నే అడుగుతున్నారు, చస్తావా బతుకుతావా అని. నన్నొక్కరన్నా అడిగారా? మొన్న పోయిన ఆయన పెళ్లాన్ని అడిగారా, ఎట్టా బతుకుతున్నావే అని? పొద్దున్నే లేచి పొయ్యి వెలిగించేది ఆమే. ఈయన పోతే రేపు వెలిగించాల్సింది నేనే. అందుకే చెబుతున్నా. ఈయన్ని పోనివ్వను."

ఇందులో ఒక్క ముక్క కూడా జయరావు రాసింది కాదు. తెర పడ్డాక ఒక పెద్దామె గబగబా స్టేజీ మీదకు వచ్చి ఆమె చేతులు పట్టుకుంది.

"ఈ మాటలు రాసిందెవరమ్మా? మా ఇంటికొచ్చి విని రాశారా?"

జయరావు ఏమంటాడోనని చూశాను. "ఈమేనమ్మా" అన్నాడు రహమతున్నీసాను చూపించి.

నిజం చెప్పాలంటే ఆ క్షణం నాకు కడుపు మండింది. నా ఘట్టం తీసేసుకుందే అనిపించింది. దారిలో వ్యానులో ఆమె, "ఏసోబన్నా, గొంతు సంగతేందో చూపించుకో. ఇది దుమ్ము కాదు" అనేసరికి ఆ మంట పోయి భయం పట్టుకుంది.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. సంక్రాంతి దాటినప్పటినుంచీ నా గొంతు బొంగురుపోతూనే ఉంది. మిరపకాయల ఘాటని అందరికీ చెప్పాను, నాకు నేనూ చెప్పుకున్నాను. గుంటూరులో గొంతు డాక్టరు గొట్టం పెట్టి చూసి, లోపల ఏదో పెరిగిందని, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. ఒక్క మాట కూడా మాట్లాడొద్దన్నాడు. నువ్వు ఫోను చేసినప్పుడు నేను రిహార్సలుకు వెళ్లానని మీ అమ్మ చెప్పింది. నేను ఆ ఫోను బూత్‌లోనే ఉన్నాను రా. మీ అమ్మ పక్కన నిలబడి, రిసీవరుకు చెవి ఆనించి నీ గొంతు విన్నాను. సంగతి తెలిస్తే సెలవు పెట్టి పరుగెత్తుకొస్తావని, ఫలితం తేలేదాకా చెప్పొద్దని నేనే ఆమె దగ్గర ఒట్టు వేయించుకున్నాను. అబద్ధమాడి ఎరగని మనిషి. ఇంటికొచ్చి ప్రార్థన చేసుకునేది. ఆమెను ఏమీ అనకు.

నిన్న ఫలితం వచ్చింది. డాక్టరు కాగితం చూసి, "భయం లేదమ్మా, క్యాన్సరు కాదు. అరిచి అరిచి తెచ్చుకున్న కాయ. మందులకు తగ్గుతుంది. చుట్ట మాత్రం మానాలి" అన్నాడు. మీ అమ్మ బయటికి వచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చింది. నేను కంగారుపడి పక్కన కూర్చున్నాను. కళ్లు తుడుచుకుని ఏమందో తెలుసా?

"కాపరానికొచ్చిన కాడ్నించి నా మాట వినమంటే విన్లా. ఇప్పుడు నువ్వేం మాట్లాడతావో నేనూ చూస్తా!"

పగలబడి నవ్వుదామంటే శబ్దం రాదు. ఇద్దరం అక్కడే కూర్చుని ఊగిపోయాం. వచ్చేపోయేవాళ్లు మమ్మల్ని వింతగా చూశారు.

ఆ తర్వాత నేరుగా చీరాల రైలెక్కాం. సాయంత్రం అక్కడ నేతపనివాళ్ల కాలనీలో ఆట. జయరావు నా వేషాన్ని మూగనోము పట్టిన ముసలాడిగా మార్చేశాడు. రహమతున్నీసా మాట్లాడుతుంటే నేను మంచం మీద కూర్చుని వింటాను. అంతే నా పని. ఇన్నేళ్లుగా అవతలివాళ్లు మాట్లాడేటప్పుడు నా మాట ఎప్పుడొస్తుందా అని కాచుకునేవాణ్నే గాని, వాళ్లు చెప్పేది ఎన్నడూ వినలేదు. నిన్న విన్నాను. నన్ను పోనివ్వనని ఆమె అంటుంటే, ముందు వరసలో మీ అమ్మ ఉందని తెలిసి కూడా కన్నీళ్లు ఆపుకోలేకపోయాను. జనం నటన అనుకున్నారు.

ఆట అయ్యాక జయరావు అడిగాడు, "గొంతు వచ్చాక నీ మాటలు నీకిచ్చేస్తాను, సరేనా?" అని. నేను రహమతున్నీసా వైపు చూసి తల అడ్డంగా ఊపాను.

నువ్వు సెలవు పెట్టొద్దు, నిమ్మళంగా ఉద్యోగం చూసుకో.

ఇట్లు,
నిన్ను తలచుకుంటూ, మీ నాన్న
ఏసోబు