చేదు బీరకాయ

పుంగనూరు,
12-9-1979

నా తల్లి రెడ్డెమ్మకు నాయన దీవెనలు. మీ అమ్మ మాట్లాడింది తల్లీ. ఈ ఉత్తరం చూడగానే అల్లుడికి చెప్పు, మీ వీధిలో అందరికీ చెప్పు.

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమెకు నోరు పెగలలేదు కదా. ఇక మాట రాదేమోనని నువ్వు కుప్పం బస్సు ఎక్కుతూ కూడా ఏడ్చావు. ఆమె పెంచిన పెరడు ఎండిపోకూడదని నేనే నీళ్లు పోస్తున్నాను. బచ్చలి పక్కన దానంతట అదే మొలిచిన బీరతీగకు పందిరి కూడా వేశాను. నిన్న తొలి కాయలు కోసి పప్పులో వేసి, ముద్ద కలిపి మీ అమ్మ నోట్లో పెట్టాను. బీరకాయను తరిగే ముందు కొన కొరికి రుచి చూడాలని నాకేం తెలుసు, ఎప్పుడైనా వంట చేశానా?

ఆమె ముద్ద ఉమ్మేసి, "సేదు" అన్నది. "ఏందే, మళ్లా సెప్పు" అన్నాను. కోపంగా చూసి, "సేదు. తీగ పీకెయ్" అన్నది. మాట ముద్దగా ఉంది గానీ అది మీ అమ్మ గొంతే. పక్కింటి బయ్యమ్మను పిలిస్తే వచ్చి విని, "మాటొచ్చీ రాకనే మొగుడికి పని సెప్తాండాదే" అని నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ చేదు పప్పంతా నేనే తిన్నాను. ఏ పండగకూ అంత తృప్తిగా తినలేదు.

ఈ పొద్దున లేచినప్పటి నుంచి "పీకెయ్, పీకెయ్" అంటూనే ఉంది. పీకేస్తే మాట్లాడడం మానేస్తుందేమోనని నా భయం. నువ్వొచ్చి నీ చెవులతో విన్నాకే పీకుతాను.

మీ నాయన